అత్తగారికి ఫ్లాట్ నచ్చడం లేదు, మావారేమో ఊళ్లో ఇల్లు అమ్మేద్దామంటున్నారు

ప్రశ్న: హైదరాబాద్‌లో పదకొండో అంతస్తులో మా ఫ్లాట్. మామగారు పోయాక, కోనసీమలో పాత పెంకుటింట్లో ఒంటరిగా ఎందుకని అత్తగారిని (71) తీసుకొచ్చాం. ఏడు నెలలైంది. ఊపిరాడటం లేదంటారు, నిద్ర పట్టదంటారు. కారిడార్‌లో ముగ్గు వేస్తే అసోసియేషన్ వాళ్లు అభ్యంతరం చెప్పారు. అప్పట్నుంచి గది దాటి రావడం లేదు. ఆ ఇల్లు అమ్మేస్తే ఆవిడ మనసు కుదుటపడుతుందని మావారు అంటున్నారు. నేను విజయవాడలో డాబా ఇంట్లో పెరిగాను, ఆ పెంకుటిల్లంటే నాకూ భయమే. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను.

జవాబు: ముందు ఆ అమ్మకం మాట పక్కన పెట్టించండి. మామగారి సంవత్సరీకం కూడా కాలేదు. ఇల్లు అమ్మితే కుదుటపడేది బహుశా మీవారి మనసు. వానొస్తే కప్పు కారుతుందేమో, దూలానికి చెదలు పట్టాయేమో అన్న టెన్షన్ ఆయనది. ఆవిడను ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు.

పైగా అమ్మడం అంత తేలిక కాదు. ఇల్లు మామగారి స్వార్జితమై, వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అత్తగారికీ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటాలు. పెళ్లయి వెళ్లిపోయిందని ఆడపడుచు వాటా పోదు. గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్ల కోసం ఉంచిన పాత నివాస స్థలంలో, ఉన్న ఇల్లయితే చాలాసార్లు దస్తావేజులే ఉండవు. ఇంటిపన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు దొరికినన్ని భద్రం చేయండి.

ఇక అత్తగారి సంగతి. ఊపిరాడటం లేదన్న మాటను చాదస్తమని కొట్టిపారేయకండి. పెంకుటింట్లో వేడి గాలి పైకి లేచి పెంకుల సందుల్లోంచి పోతుంది. కాంక్రీటు గోడలు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి లోపలికి వదులుతాయి. ఏసీ వేసి తలుపులు బిగిస్తే ఆవిడకు ఇంకా ఇబ్బంది. ఆవిడ గదిలో కిటికీ తెరిచి, దోమల మెష్ పెట్టించి, ఫ్యాన్ వేసి చూడండి.

అయితే అసలు బాధ గాలి గురించి కాదనుకుంటాను. ఆ ఇంట్లో తెల్లారగానే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే దారినపోయేవాళ్లు ఆగి పలకరించేవారు. వానలకు ముందు పెంకులు సర్దించడానికి మనిషిని పిలిపించాలన్నా, పెరట్లో కొబ్బరికాయలు దింపించాలన్నా మాట ఆవిడదే. మీ ఇంట్లో వంటమనిషి, పనిమనిషి వచ్చి వెళ్తారు. ఆవిడ నిర్ణయించాల్సింది ఒక్కటీ లేదు. డెబ్భై ఏళ్లు దాటాక కొత్తకోడల్లా ఫ్రిజ్ తెరవడానికి కూడా మొహమాటపడుతూ ఉండొచ్చు.

ఒక చిన్న విషయం అడుగుతాను. ఇంటి తాళం ఆవిడ దగ్గర ఉందా? వేలిముద్ర తాళమైతే ఆవిడ వేలు నమోదు చేశారా? పనులు చేసి చేసి అరిగిన వేళ్లను ఆ మెషిన్లు ఒక్కోసారి గుర్తుపట్టవు. అలాగైతే మామూలు తాళంచెవి ఒకటి చేతికివ్వండి. బయటికెళ్తే మళ్లీ లోపలికి ఎలా రావాలో తెలియకే గది దాటని పెద్దవాళ్లున్నారు. లిఫ్ట్ అలవాటయ్యే వరకు సాయంత్రాలు మీరో, పిల్లలో తోడు వెళ్లి కింద బెంచీ దగ్గర కూర్చోబెట్టండి. అలా ఊళ్ల నుంచి వచ్చిన అమ్మమ్మలు మీ అపార్ట్‌మెంట్‌లోనూ తప్పకుండా ఉంటారు. ముగ్గు గురించి అసోసియేషన్‌తో మాట్లాడాల్సింది మీవారు. మన గుమ్మం ముందు రెండడుగుల మేర, పండగలకైనా ఒప్పించమనండి. ఈసారి ఆవకాయ ఆవిడ చేతుల మీదుగా పెట్టించండి. కారం, ఉప్పు కొలతల్లో మీరు కల్పించుకోవద్దు.

పాత ఇల్లంటే మీకున్న భయాన్ని తప్పుపట్టను. పెరట్లో బాత్‌రూమ్, తడిసిన నాపరాళ్లు, ఎత్తు గడపలు... ఈ వయసులో తుంటి ఎముక విరిగితే లేవడం కష్టం. ఆవిడను తీసుకురావడం సరైన పనే. అలాగని అక్కడ తాళం వేసి మర్చిపోవద్దు. మూసి ఉంచిన పెంకుటిల్లు త్వరగా పాడవుతుంది. ఓ భాగం నమ్మకమైన వాళ్లకు అద్దెకిస్తే దీపం పెట్టేవాళ్లుంటారు. లోపలే ఒక బాత్‌రూమ్ కట్టించి, పట్టుకోవడానికి కడ్డీలు బిగిస్తే, సంక్రాంతికో, ఎండాకాలానికి ముందో ఆవిడ కొన్నాళ్లు ఉండి రావచ్చు. మరమ్మతులు చేయించేటప్పుడు మేస్త్రీ సున్నపు గోడల మీద సిమెంటు పూత వేస్తానంటే ఒప్పుకోవద్దు. చెమ్మ బయటికి పోయే దారిలేక పూత ఉబ్బి పెచ్చులూడుతుంది.

నిద్ర లేకపోవడం, గదిలోనే ఉండిపోవడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తిండి కూడా తగ్గిందేమో గమనించి, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. అది డిప్రెషన్ అయితే మందులతో తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

చివరగా, మీ నలుగుడు గురించి. ఆయన మాట ఆవిడకు, ఆవిడ మాట ఆయనకు మోయడం ఈరోజుతో మానేయండి. ఆదివారం అమ్మ పక్కన కూర్చుని, చెల్లెల్నో అక్కనో ఫోన్‌లో కలుపుకుని, ఇంటి సంగతి ముగ్గురూ మాట్లాడుకోమని మీవారికి చెప్పండి. ఆ గంటా మీరు ఇంట్లో ఉండకుండా ఏ స్నేహితురాలింటికైనా వెళ్లి రండి.