పెరగడం వేరు, ఎదగడం వేరు

సందేహం: మా అమ్మాయి డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతోంది. పాఠంలో 'ఆర్థిక వృద్ధి', 'ఆర్థికాభివృద్ధి' అని రెండు మాటలు విడివిడిగా ఉన్నాయి. పేపర్లలో మాత్రం ఒకచోట 'వృద్ధి రేటు 7 శాతం' అనీ, మరోచోట 'అభివృద్ధి రేటు 7 శాతం' అనీ రాస్తున్నారు. రెండూ ఒకటేనా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: ఒకటి కావమ్మా. నిఘంటువు తిరగేస్తే మాత్రం ఒకటే అనిపిస్తాయి. రెండింటికీ మూలం 'వృధ్' ధాతువే, పెరగడం అని అర్థం. వయసు పెరిగిన 'వృద్ధుడు' కూడా అక్కడివాడే. ముందు 'అభి' చేరినంత మాత్రాన సంస్కృతంలో అర్థం పెద్దగా మారదు. ఈ తేడా అర్థశాస్త్రం తన అవసరం కోసం పెట్టుకున్నది.

అయితే ఇలాంటి తేడా మన తెలుగుకు కొత్తేమీ కాదు. జుట్టు పెరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, బియ్యం ధర పెరుగుతుంది. 'బియ్యం ధర ఎదిగింది' అని ఎవరూ అనరు. ఎదిగేది మొక్క, ఎదిగేది మనిషి. ఏటా ఇంక్రిమెంటు పడుతున్నా 'ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగం' అని బాధపడేవాళ్లు మనకు తెలుసు. జీతం పెరిగింది, మనిషి ఎదగలేదు. వృద్ధి పెరుగుదల, అభివృద్ధి ఎదుగుదల. మీ అమ్మాయికి ఇలా చెప్పి చూడండి.

వృద్ధికి మన ఇళ్లలో తిరిగే చుట్టం ఒకటుంది: వడ్డీ. సంస్కృతంలో 'వృద్ధి'కి వడ్డీ అనే అర్థం కూడా ఉంది. అది ప్రాకృతంలో 'వడ్ఢి' అయి మన దగ్గరికి వచ్చింది. చక్రవృద్ధి అంటే చక్రవడ్డీయే. జీడీపీ, అంటే ఏడాదిలో దేశంలో తయారైన వస్తువులు, సేవల మొత్తం విలువ. దాని వృద్ధి లెక్క కూడా సరిగ్గా చక్రవడ్డీ లెక్కే. ధరల పెరుగుదలను తీసేశాక, ఏటా 7 శాతం చొప్పున 100 కాస్తా 107 అవుతుంది. మరుసటి ఏడు ఆ 7 శాతం 107 మీద పడి 114.49 అవుతుంది. పదేళ్లకు దాదాపు రెట్టింపు. అదే రేటు 8 నుంచి 6కు వస్తే 'ఆదాయం తగ్గింది' అని రాయకూడదు. ఆదాయం పెరుగుతూనే ఉంది, పెరిగే వేగం తగ్గింది. '2 శాతం తగ్గింది' అన్నా తప్పే (8లో 2 అంటే 25 శాతం కదా), '2 శాతం పాయింట్లు తగ్గింది' అనాలి.

ఈ పెరుగుదలను చూసి జనం ఎదిగారని చెప్పగలమా? 1934లో అమెరికా జాతీయాదాయాన్ని లెక్కగట్టి ఆ దేశ కాంగ్రెస్‌కు సమర్పించిన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్సే, ఆ అంకెను బట్టి ప్రజల బాగోగులు తేల్చలేమని అదే నివేదికలో హెచ్చరించారు. అందుకే 1990లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, పాకిస్థాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ చొరవతో, మానవాభివృద్ధి సూచికను తెచ్చింది. ఎంతకాలం బతుకుతున్నారు, ఎంత చదువుకుంటున్నారు అన్నవి కూడా ఆదాయంతో పాటు లెక్కలోకి వచ్చాయి. ఆ సూచిక సున్నాకూ ఒకటికీ మధ్య ఉండే అంకె. కాబట్టి జీడీపీ గురించి చెబుతూ 'అభివృద్ధి రేటు 7 శాతం' అనడం నా దృష్టిలో తప్పే. ఒక బడి, ఒక ఆసుపత్రి కూడా రాని ఊరికి ఆ మాట అన్యాయం చేస్తుంది.

ఇంకొకటి. మీ ఉత్తరంలో 'ఆర్ధిక' అని ఉంటే 'ఆర్థిక' అని దిద్దాను. డబ్బు అనే అర్థమున్న 'అర్థం' నుంచి పుట్టిన మాట కాబట్టి పొట్టలో చుక్క ఉన్న 'థ' రాయాలి. 'అర్ధ' అంటే సగం.