పాత హార్డ్ డిస్కు తీసేశాక బూట్ కాని కంప్యూటర్: ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు ఇది చూడండి

మీరు చెప్పినది ఇదీ: పాత 1 టీబీ హార్డ్ డిస్కు ఉండగానే కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి, దాని మీద విండోస్ 10 వేశారు. కొంతకాలం బాగానే నడిచింది. పాత డిస్కు ఊడదీయగానే బూట్ చేయడానికి డిస్కు లేదంటూ నల్ల తెర దగ్గరే ఆగిపోతోంది. బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు తెరవగలిగే అమరికల తెరలో) మాత్రం ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోంది. రిపేరు చేసేవాళ్ళు రెండు డిస్కులూ ఫార్మాట్ చేయాలంటున్నారు, పాత డిస్కులో పిల్లల ఫొటోలున్నాయి.

దయచేసి ఒప్పుకోకండి. ఈ లక్షణాలను బట్టి మీ డిస్కుల్లో ఏదీ చెడిపోయినట్టు లేదు.

మా పట్టణంలో ఫొటో స్టూడియో నడిపే మిత్రుడికి సరిగ్గా ఇదే జరిగింది, అదీ మాఘమాసం పెళ్ళిళ్ళ రద్దీలో. ఆల్బమ్‌లకు పంపాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి. పాత డిస్కును ఎప్పటిలా తగిలించి స్విచ్ వేయమన్నాను. విండోస్ మామూలుగా తెరుచుకుంది. ఆ ఒక్క పరీక్షతో విషయం సగం తేలిపోయింది. మీరూ ముందు అదే చేయండి. తెరుచుకుంటే వేరే పని ముట్టుకోకుండా ఫొటోలను ఒక బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి.

విండోస్ ఒకచోట, దాన్ని లేపే బూట్ ఫైళ్ళు మరొకచోట ఉండవచ్చు. పాత బయోస్‌కు బదులు వచ్చిన యూఈఎఫ్‌ఐ పద్ధతిలో నడిచే కంప్యూటర్లలో ఈ బూట్ ఫైళ్ళకు ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న విభాగం ఉంటుంది. సాధారణంగా 100 ఎంబీ, ఫ్యాట్32 ఫార్మాట్. డ్రైవ్ అక్షరం ఉండదు కాబట్టి మన కంటపడదు. విండోస్ వేసే సమయానికి పాత డిస్కులో అలాంటి విభాగం ఉంటే, ఇన్‌స్టాలర్ కొత్తది తయారుచేయకుండా దాన్నే వాడుకుంటుంది. కొత్త ఇంట్లో కాపురం పెట్టి, తాళంచెవి పాత ఇంటి గూట్లో ఉంచినట్టన్నమాట. అందుకే కొత్త డిస్కు మీద విండోస్ వేసేటప్పుడు మిగతా డిస్కుల కేబుళ్ళన్నీ తీసేయాలని నేను అడిగినవాళ్ళందరికీ చెబుతుంటాను.

నిర్ధారించుకోవడానికి, రెండు డిస్కులూ ఉండగా విండోస్ మీటతో పాటు ఎక్స్ నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అన్నది పాత డిస్కు వరుసలోనే ఉండి, ఎస్‌ఎస్‌డీ వరుసలో లేకపోతే కారణం అదే.

ఇక మరమ్మతు. వేరే కంప్యూటర్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ పెన్‌డ్రైవ్ ఒకటి తయారు చేసుకోండి, 8 జీబీది చాలు. కంప్యూటర్ ఆపి పాత డిస్కు తీసేయండి. చేయి జారినా ఫొటోల జోలికి పోకుండా ఉండేందుకు ఈ జాగ్రత్త. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి తెర రాగానే షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. ఇన్‌స్టాల్ బటన్ మాత్రం నొక్కకండి. డిస్కు విభాగాలను మార్చే డిస్క్‌పార్ట్ (diskpart) ప్రోగ్రామ్‌లోకి వెళ్ళి లిస్ట్ డిస్క్ (list disk) అని కొట్టండి. ఎస్‌ఎస్‌డీకి ఎదురుగా జీపీటీ (డిస్కును విభాగాలుగా పంచే కొత్త పద్ధతి) గడిలో నక్షత్రం గుర్తు ఉందా చూడండి.

ఉంటే, లిస్ట్ వాల్యూమ్‌తో విండోస్ ఉన్న విభాగాన్ని గుర్తించండి. ఇక్కడ దాని అక్షరం సీ కాకపోవచ్చు, పరిమాణం చూసి పోల్చుకోవాలి. దాన్ని ఎంచుకుని ష్రింక్ ఆదేశంతో ఓ 300 ఎంబీ ఖాళీ చేయండి. ఆ ఖాళీలో క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ అని కొట్టి, దాన్ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఎస్ అనే అక్షరం ఇవ్వండి. డిస్క్‌పార్ట్ నుంచి బయటికి వచ్చి బీసీడీబూట్ ఆదేశం ఇవ్వాలి: ముందు విండోస్ ఫోల్డర్ చిరునామా, తర్వాత స్లాష్ ఎస్ పెట్టి కొత్త విభాగం అక్షరం, చివర స్లాష్ ఎఫ్ పెట్టి యూఈఎఫ్‌ఐ. విండోస్ విభాగం సీ అయితే ఇలా: bcdboot C:\Windows /s S: /f UEFI. బూట్ ఫైళ్ళు సవ్యంగా తయారయ్యాయన్న సందేశం వస్తే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి. మా మిత్రుడి కంప్యూటర్ ఈ దశలోనే లేచింది.

నక్షత్రం లేకపోతే అది పాత ఎంబీఆర్ పద్ధతి. కొత్త విభాగం అక్కర్లేదు. విండోస్ ఉన్న విభాగాన్నే యాక్టివ్ చేసి (బూట్ చేయాల్సింది ఇదేనని గుర్తు పెట్టి), బీసీడీబూట్‌లో కొత్త విభాగం అక్షరం బదులు దీని అక్షరమే, చివర యూఈఎఫ్‌ఐ బదులు బయోస్ అని ఇవ్వండి. మదర్‌బోర్డులో పాత పద్ధతిలో బూట్ కానిచ్చే లెగసీ లేదా సీఎస్‌ఎం అమరిక ఆన్‌లో ఉండాలి.

పాత డిస్కు తగిలించినా లేవకపోతే సంగతి వేరు. ముందు సాటా కేబులు, పవర్ కేబులు తీసి గట్టిగా పెట్టండి. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్ (సన్నని ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డులో గుచ్చే చోటు) నింపితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, మాన్యువల్‌లో ఉంటుంది. నీలి తెర మీద ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైజ్ అని వస్తే, బయోస్‌లో సాటా మోడ్ (డిస్కులతో బోర్డు మాట్లాడే పద్ధతి) రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి గానీ, అటునుంచి ఇటు గానీ మారిందేమో చూసి వెనక్కి మార్చండి. బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయినా ఈ అమరికలు వాటంతట అవే మారిపోతాయి. పాత డిస్కు టక్కు టక్కుమంటుంటే మాత్రం మళ్ళీ మళ్ళీ ఆన్ చేయకండి, ముందు డేటా బయటికి తీసేవాళ్ళకు చూపించండి.

డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఈ మార్పుల తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

ఎస్‌ఎస్‌డీ ఒంటరిగా బూట్ అయ్యాక పాత డిస్కును మళ్ళీ తగిలించవచ్చు. కంప్యూటర్ మళ్ళీ పాత డిస్కు నుంచే బూట్ అవుతుంటే, బయోస్‌లోని బూట్ వరుసలో ఎస్‌ఎస్‌డీని పైకి జరపండి.