ప్యాడ్లకు వారంటీ లేదంటారు సరే, అవి ఎందుకు అరిగాయో అడగండి

సందేహం: మాది కావలి. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లడానికి ఏడు సీట్ల డీజిల్ బండి ఒంగోలు షోరూములో 13.40 లక్షలకు కొన్నాం. పద్నాలుగు నెలలైంది, 16,000 కిలోమీటర్లు తిరిగింది. 10,000 సర్వీసప్పుడే ముందు ఎడమ చక్రం వేడెక్కి మాడు వాసన వస్తోందని చెప్పాం. ఇప్పుడు అదే చక్రం లోపలి బ్రేక్ ప్యాడ్ ఇనుము దాకా అరిగి డిస్క్ మీద గాట్లు పడ్డాయి. కుడి చక్రం ప్యాడ్లు మాత్రం సగానికి పైగా ఉన్నాయి. "ప్యాడ్లు అరిగే సామాను, వారంటీ రాదు, మీ డ్రైవింగ్ వల్లే ఇలా అయింది" అని 11,200 రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. కొత్త బండి ఇమ్మని కేసు వేయవచ్చా? బయట మెకానిక్ దగ్గర బాగుచేయించుకుంటే వారంటీ పోతుందా?

సలహా: ముందుగా, ఆ బండిని రోడ్డెక్కించకండి. ప్యాడ్ మీద లైనింగ్ (అరిగే పొర) లేకుండా ఇనుము డిస్క్‌ను రాస్తున్నప్పుడు జాతీయ రహదారి మీద వేగంగా పోతూ బ్రేకు వేస్తే బండి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. సర్వీస్ సెంటరుకైనా టోయింగ్ బండి మీదే పంపండి, ఆ రసీదు దాచండి.

ఇక చట్టం సంగతి. ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ రబ్బర్లు వాడకంలో అరిగేవి కాబట్టి వారంటీలోకి రావన్న షరతు దాదాపు ప్రతి కంపెనీ పుస్తకంలోనూ ఉంటుంది. అది చెల్లుతుంది కూడా. కానీ ఆ షరతు అరుగుదలకే వర్తిస్తుంది, ఆ అరుగుదలకు కారణమైన లోపానికి వర్తించదు. కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం), అది జరిగే గైడ్ పిన్లు, బ్రేక్ ఆయిల్ తెచ్చే హోసు అరిగే సామాను కావు. లోపం వాటిలో ఉందని తేలితే వాటిని మార్చడమే కాదు, వాటివల్ల పాడైన ప్యాడ్లు, డిస్క్ ఖర్చు కూడా అడగవచ్చు. మీ కేసు నిలబడేది ఇక్కడే.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట "కుడి చక్రం ప్యాడ్లు సగానికి పైగా ఉన్నాయి" అన్నది. బ్రేకు పెడల్ తొక్కితే ముందు రెండు చక్రాలకూ దాదాపు ఒకే ఒత్తిడితో ఆయిల్ వెళ్తుంది. డ్రైవరు కాలు ఎడమ చక్రాన్ని ఒక్కదాన్నే ఎంచుకుని తొక్కలేదు. బ్రేకు మీద కాలు ఆనించి నడిపే అలవాటే ఉంటే రెండు పక్కలా సమానంగా అరగాలి. ఇలాంటి బండ్లకు ముందు చక్రాల దగ్గర సాధారణంగా జరిగే రకం కాలిపర్ ఉంటుంది. లోపలి వైపున్న పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నెడుతుంది, కాలిపర్ రెండు గైడ్ పిన్ల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుతుంది. పిస్టన్ వెనక్కి రాకపోయినా, పిన్లు పట్టేసినా, హోసు లోపల మూసుకుపోయి ఆయిల్ తిరిగి రాకపోయినా మీరు కాలు తీసేశాక కూడా ప్యాడ్ డిస్క్‌ను రాస్తూనే ఉంటుంది. చక్రం వేడి, మాడు వాసన అందుకే. పిన్ మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగి నీళ్లు చేరినా, గ్రీజు సరిగా పెట్టకపోయినా కొత్త బండిలో సైతం ఇలా అవుతుంది.

రెండు పక్కలా, లోపలా బయటా సమానంగా అరిగి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. ఏడుగురితో, సామానుతో తిరుమల ఘాట్‌లోనో, దోర్నాల నుంచి శ్రీశైలం దారిలోనో గేరు తగ్గించకుండా బ్రేకు మీదే దించితే ప్యాడ్లు త్వరగానే పోతాయి. అప్పుడు కేసు వేయవద్దనే చెప్పేవాణ్ణి.

ఇప్పుడు సాక్ష్యం. లోపం ఉందని మొదట చూపించాల్సింది ఫిర్యాదు చేసేవారే. ఇలాంటి చాలా ఫిర్యాదులు వీగిపోయేది చట్టం లేక కాదు, పాత సామాను సర్వీస్ సెంటర్ తుక్కులో పడిపోయి. విప్పేటప్పుడు పక్కనే ఉండండి. నాలుగు ప్యాడ్ల మీదా పెయింట్ మార్కరుతో "ఎడమ లోపల", "ఎడమ బయట" అని రాయించి, వెర్నియర్ అనే కొలత పరికరంతో లైనింగ్ మందం పైచివర, కిందిచివర కొలిచి, కొలత కనిపించేలా ఫొటో తీయండి. కొత్త ప్యాడ్ లైనింగ్ సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 కి వస్తే మార్చాలి. గైడ్ పిన్ను చేత్తో కదిపితే జారుతోందా, పట్టేసిందా అన్నది వీడియో తీయండి. డిస్క్ మందం కూడా కొలవండి, కనీస మందం ఎంతో చాలా డిస్కుల మీదే పోతపోసి ఉంటుంది. మీ డబ్బుతో మార్చిన పాత సామాను మీదే, ఇవ్వమని జాబ్ కార్డు (సర్వీసుకు ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదులు రాసుకునే కాగితం) మీద రాయించండి. వారంటీలో మార్చితే కంపెనీ పాత భాగాన్ని వెనక్కి తీసుకుంటుంది, అప్పుడు ఫొటోలే మీకు దిక్కు. ఫోన్లో తీసినవి దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, కాబట్టి ఆ ఫోను అమ్మేయకండి, ఫొటోలు చెరిపేయకండి.

బయట మెకానిక్ సంగతి అడిగారు. మరమ్మతు పనికి ఇప్పుడే వద్దు. బయట ఆ కాలిపర్ విప్పితే "మా వాళ్లు కాక వేరేవాళ్లు చేయిపెట్టారు" అనే సాకు మీరే అందించినట్టు. ముందు పరీక్ష, తర్వాత మరమ్మతు. లైసెన్సున్న మోటారు సర్వేయరుతో గానీ, ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ అధ్యాపకుడితో గానీ సర్వీస్ సెంటర్‌లోనే చూపించి రాతపూర్వక నివేదిక తీసుకోండి. అక్కడికి రానివ్వకపోతే ఆ సంగతి ఈమెయిల్‌లో పెట్టండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్ కూడా భాగాలను ప్రయోగశాలకు పంపగలదు, ఆ ఫీజు మొదట మీరు కట్టాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌తో పరీక్ష చేయించమని దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు.

తయారీ లోపం రుజువు కావడం ఆలస్యమైనా మీకు రెండో దారి ఉంది, నా దృష్టిలో అదే బలమైనది. 10,000 సర్వీసు చెక్‌లిస్టు నకలు అడిగి తీసుకోండి. అందులో ముందు బ్రేకుల దగ్గర కొలత ఏదీ లేకుండా "ఓకే" అని టిక్ పెట్టి ఉండి, మాడు వాసన అని మీరు చెప్పింది జాబ్ కార్డులో "జనరల్ చెకప్"గా మారి ఉంటే, అది సేవాలోపం. దానికి కార్ఖానాలో ఏం జరిగిందో నిరూపించనక్కర్లేదు. "కావలి సముద్రపు గాలికి తుప్పు పట్టింది, మీరు పట్టించుకోలేదు" అని రేపు వాళ్లు వాదించినా, వేళకు చేయించిన సర్వీసు ముద్రలే జవాబు చెప్తాయి. ఆ రోజు వాసన గురించి ఫోన్లో చెప్పి ఉంటే వాట్సాప్ మెసేజీలు, కాల్ వివరాలు ఇప్పుడే భద్రం చేయండి. ఇకమీదట జాబ్ కార్డు మీద మీ మాటల్లో ఫిర్యాదు రాసేదాకా సంతకం పెట్టకండి.

కొత్త బండి ఆశ పెట్టుకోకండి. భాగం మారిస్తే సరిపోయే లోపానికి బండి మొత్తం మార్చమనలేరని 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాలిపర్, పిన్లు ఉచితంగా మార్చడం, ప్యాడ్లు, డిస్కుల ఖర్చు, బండి ఆగిన రోజులకు రసీదులున్న కారు అద్దె, మానసిక వేదనకు ఒక మోస్తరు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. ప్యాడ్లు, డిస్కులు రెండు పక్కలా కలిపి మార్చడమే పద్ధతి కాబట్టి కుడి పక్క ఖర్చు కూడా కలపవచ్చు.

షోరూముకు, కంపెనీకి ఇద్దరికీ 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, ఈమెయిల్ కూడా చేయండి. అది తప్పనిసరి కాదు గానీ పనికొస్తుంది. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 లో ఫిర్యాదు నమోదు చేయండి, కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే బండి ఒంగోలులో కొన్నా వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. బిల్లు వెనక "చెన్నై కోర్టుల పరిధి మాత్రమే" అని అచ్చేసి ఉన్నా వెనక్కి తగ్గనక్కర్లేదు. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే చాలు, 10 నుంచి 20 లక్షల మధ్య ధరకు ఫీజు 400 రూపాయలు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. జాగ్రత్త కోసం 10,000 సర్వీసు తేదీ నుంచే లెక్కపెట్టండి. నోటీసు అందాక అవతలివాళ్లకు జవాబుకు 30 రోజులు, కమిషన్ ఇస్తే మరో 15, అంతకు మించి లేదు.

బండిని పెళ్లిళ్లకు, యాత్రలకు డబ్బు తీసుకుని ఇచ్చి ఉంటే మీ వకీలుకు ముందే చెప్పండి. వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారు కారన్న అభ్యంతరం అక్కడే లేస్తుంది. సొంత బోర్డు బండిని కిరాయికి తిప్పడం మోటారు వాహనాల చట్టంతోనూ చిక్కే.

ఒకవేళ నోటీసు తర్వాత "సగం ఖర్చు మేం పెట్టుకుంటాం" అని పిలిస్తే, డబ్బు కన్నా ముందు కాలిపర్ సంగతి అడగండి. పాత కాలిపర్ మీద కొత్త ప్యాడ్లు వేస్తే కొద్ది నెలల్లో మళ్లీ అదే గోల. కాలిపర్, పిన్లు మార్చినట్టు బిల్లులో పార్ట్ నంబర్లతో సహా రాయించుకోండి. "పూర్తి సంతృప్తి, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద ఆ తర్వాతే, అది కూడా బండి 40, 50 కిలోమీటర్లు నడిపి రెండు చక్రాల వేడి సమానంగా ఉందని చూసుకున్నాకే, సంతకం చేయండి.