కెథరిన్ పార్ ట్రెయిల్ మొక్కల రాతలను వలస చరిత్రగా చదవడం ఎలా?

కెథరిన్ పార్ ట్రెయిల్ బ్రిటన్ నుంచి కెనడాకు వలస వెళ్లి, అక్కడి మొక్కల గురించి రాసిన రచయిత్రి. ఆమెను వృక్షశాస్త్రజ్ఞురాలు అనాలా, వలసవాది అనాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ఆ రెండిట్లో ఒకటి తేల్చాలని కూర్చుంటే వ్యాసం ముందుకు సాగదు. దానికి బదులు ఒక్క మొక్కను పట్టుకుని ఆమె పుస్తకాల్లో వెంబడించండి.

మొక్కగా జిజానియాను తీసుకోండి. ఆమె దాన్ని ఇండియన్ రైస్ అంటుంది. అది లోతు తక్కువ నీళ్లలో పెరిగే గడ్డిజాతి, మన వరి కాదు. ముందుగా 1836 నాటి 'ద బ్యాక్‌వుడ్స్ ఆఫ్ కెనడా', తర్వాత 1854–55 నాటి వలస గృహిణుల గైడ్, చివర 1885 నాటి 'స్టడీస్ ఆఫ్ ప్లాంట్ లైఫ్ ఇన్ కెనడా' చదవండి. చెల్లెలి కూతురు ఆగ్నెస్ ఫిట్జ్‌గిబ్బన్ బొమ్మలతో వచ్చిన 1868 నాటి 'కెనడియన్ వైల్డ్ ఫ్లవర్స్' ఈ గింజకు పెద్దగా పనికిరాదు, ముందుమాట మాత్రం వదలొద్దు.

నోటుబుక్కులో అయిదు గళ్లు గీసుకోండి: ఆమె వాడిన పేరు, లాటిన్ పేరు, ఉపయోగం, ఎవరు చెప్పారు, ఆ నేల అప్పుడు ఎవరి చేతిలో ఉంది. అసలు సరుకంతా నాలుగో గడిలోనే దొరుకుతుంది. ఆదివాసీ ఆడవాళ్లు పడవలో కూర్చుని, కంకుల్ని కర్రతో వంచి, ఇంకో కర్రతో కొట్టి గింజ రాల్చే తీరు వివరంగా ఉంటుంది, కానీ వాళ్ల పేర్లు చాలాచోట్ల ఉండవు. పుస్తకంలోంచి తీసుకున్నప్పుడు మాత్రం ఉత్తర అమెరికా మొక్కల మీద గ్రంథం రాసిన వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పుర్ష్ పేరు చెబుతుంది. అరువు తెచ్చుకున్న ఆయన గ్రంథమే ఆమెకు తొలినాళ్ల ఆధారం. లాటిన్ తగినంత రాదని ఆమె తగ్గించుకుని మాట్లాడితే అది ఉత్త వినయం అనుకోకండి. చదువు దక్కని ఆడవాళ్లకు అచ్చులో చోటు దొరకాలంటే అలా రాయక తప్పేది కాదు.

అయిదో గడి నింపకుండా వదిలేస్తారు చాలామంది. ఆమె చూసిన జిజానియా పెరిగిన, కెనడాలోని ఒంటారియోలో ఉన్న రైస్ లేక్ సరస్సు ప్రాంతం మిస్సిసాగ ప్రజలది. వాళ్లు అనిషినాబే ఆదివాసుల్లో ఒక తెగ. 1818 ఒప్పందంతో సుమారు 19.5 లక్షల ఎకరాలు బ్రిటిష్ రాజ్యం కిందికి పోయాయి. ట్రెయిల్ దంపతులు 1832లో వచ్చి స్థిరపడింది ఆ నేల మీదే. అందుకే 1836 పుస్తకంలో, కెనడా పేర్లో, ఇండియన్ పేర్లో దొరికితే సంతోషమే, అవి దొరకనిచోట పూలకు పెంపుడు తల్లినై నాకు నచ్చిన పేర్లు పెట్టుకుంటాను అని ఆమె రాసినచోట ఆగండి. ఆమెకు దొరకకపోయినా, అనిషినాబే భాషలో పేర్లున్నాయి. ఆ ముద్దుమాటను తిట్టి వదిలేస్తే, అడవులు కొట్టేస్తుంటే పూలు మాయమవుతున్నాయని 1868లో అదే మనిషి ఎందుకు బాధపడిందో అర్థం కాదు. చెట్లు కొట్టి పొలం చేసుకున్న కుటుంబమే ఆమెది. నా దృష్టిలో ఆమె రాతల్లో పదునైన వైరుధ్యం ఇదే.

లాటిన్ పేర్లతో జాగ్రత్త. పుర్ష్ నాటి పేర్లు చాలా మారాయి, కాబట్టి మొక్కల పేర్ల వెబ్‌సైట్ ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్‌లో పాత పేరు కొట్టి, ఇప్పటి పేరును బ్రాకెట్లో రాసుకోండి. ఆమె వర్ణనను ఇప్పటి రైస్ లేక్‌తో నేరుగా పోల్చొద్దు. పడవల రాకపోకల కోసం కట్టిన ట్రెంట్ జలమార్గం ఆనకట్టలతో నీళ్లు లోతెక్కాయి. అడుగున మొలిచే మొక్క పైకి అందుకోలేక ఆ గింజ పంట బాగా దెబ్బతింది.