పికప్ ఎక్కువున్న కారు, కొత్త కాలు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కారు కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పిన రాత్రి నాకూ మీ పెద్దమ్మకీ నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్లల్లో స్టీరింగు పట్టుకున్నది నువ్వే మొదలు. పొద్దున్నే పాలవాడి దగ్గర మొదలుపెట్టి వీధి వీధంతా చెప్పుకొచ్చాను. ఇంటికొచ్చి చూస్తే నీ మెసేజీ: "పెదనాన్నా, కాలు ఆనిస్తే చాలు ఉరుకుతోంది. పికప్ తగ్గించే బాక్సు ఆన్‌లైన్లో ఉంది, పెట్టించేయనా?" అది చదివాక భయం పట్టుకుంది. ఫోన్లో చెబితే సగం వినకుండానే సరే సరే అంటావు. అందుకే రాస్తున్నాను, కుదురుగా కూర్చుని చదువు.

లైసెన్సు సంగతి నీకు తెలిసిందే. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, ఆరు నెలలు పనిచేస్తుంది, 30 రోజులు గడిచాకే టెస్టు, అప్పటిదాకా పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి, ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి.

ఇక ఆ బాక్సు. మా రోజుల్లో యాక్సిలరేటర్ పెడలుకీ ఇంజనుకీ మధ్య ఒక కేబుల్ ఉండేది. కాలు ఎంత దిగితే అంత లాగేది. నీ కారులో ఆ కేబుల్ లేదు. పెడలు దగ్గర రెండు సెన్సర్లుంటాయి. నువ్వెంత తొక్కావో అవి కంప్యూటర్‌కి చెబుతాయి, కంప్యూటర్ ఒక చిన్న మోటారుతో గాలి వెళ్ళే దారిలో ఉన్న రేకుని తెరుస్తుంది. ఎంత తొక్కితే ఎంత తెరవాలో కంపెనీవాళ్ళు లెక్క కట్టి పెడతారు. బండి చలాకీగా ఉందనిపించాలని కొందరు మొదటి కాస్త తొక్కుడుకే ఎక్కువ తెరుచుకునేలా పెడతారు. పైగా నీది టర్బో పెట్రోలు, అంటే ఇంజనులోకి గాలిని గట్టిగా నెట్టే చక్రం ఉన్న బండి. ఇంజను నిమిషానికి 1500 చుట్ల (ఆర్‌పీఎం) లోపల తిరిగేటప్పుడు మందకొడిగా ఉంటుంది. కదలట్లేదని నువ్వు ఇంకాస్త తొక్కుతావు. ఆలోగా టర్బో అందుకుంటుంది, బండి ఎగిరి దూకుతుంది. బండి పాడైందేమో అనుకోకు, దాని తీరే అంత.

ఆ బాక్సు పెడలుకీ కంప్యూటర్‌కీ మధ్యన కూర్చుని, నువ్వు తొక్కినదాన్ని తక్కువ చేసి చెబుతుంది. ఇంజను బలం పిసరంతైనా మారదు. సెన్సర్లు రెండెందుకు పెట్టారనుకున్నావు? ఒకటి తప్పు చెబితే రెండోది పట్టిస్తుందని, లెక్క కలవకపోతే కంప్యూటర్ ఇంజను బలాన్ని తగ్గించేస్తుందని. ప్రాణానికి కాపలా కాసే ఆ వైర్ల మధ్య ఎవరో తయారుచేసిన డబ్బా దూర్చడం నాకు ససేమిరా ఇష్టం లేదు. వారంటీ మిగిలుంటే దానికీ పేచీ వస్తుంది. నీ కారులో ఎకో మోడ్ ఉందన్నావు కదా, అది వెయ్యి. కంపెనీవాళ్ళే పరీక్షించి పెట్టిన నెమ్మది అది. దాంట్లోనే నేర్చుకో, దాంట్లోనే ఉండు.

మీ నాన్న కారెందుకు నడపడో నీకెప్పుడైనా చెప్పాడా? అడిగితే ఆసక్తి లేదంటాడు. ఆసక్తి లేకపోవడమేమిటి! సెకండ్ హ్యాండ్ మారుతి 800 కొన్న కొత్తలో, పొద్దున్నే దాన్ని తుడిస్తే గానీ వాడు కాఫీ ముట్టేవాడు కాదు. కార్బురేటర్ బండి అది. క్లచ్ వదిలేటప్పుడు వాడికి రేజ్ ఎక్కువైపోయేది, బండి గంతులేసేది. నేను ఆర్టీసీ డ్యూటీలో పడి వారాల తరబడి ఊళ్ళో లేను. వాడు మెకానిక్ షెడ్డుకి పోయి, కేబుల్ లూజు చెయ్యమన్నాడు. అక్కడి కుర్రాడు నట్లు తిప్పి వదిలేశాడు. దాంతో పెడలు సగం దాకా ఉత్తినే దిగేది, ఆ తర్వాతే ఇంజను పలికేది. మీ నాన్నకి హాయిగా ఉంది. బండి సాధువైందని నాకు ఉత్తరం కూడా రాశాడు.

నెలలు గడిచాయి. లోతుగా తొక్కితేనే బండి కదులుతుందని వాడి కాలు నేర్చేసుకుంది. ఒకసారి సర్వీసుకిస్తే, అక్కడి పెద్ద మెకానిక్ కేబుల్ లూజుగా ఉండటం చూసి శుభ్రంగా బిగించాడు. ఆయన చేసింది సరైన పనే. కానీ ఆ మాట ఎవరూ మీ నాన్నతో అనలేదు. బండిని షెడ్డు కుర్రాడు తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్ళాడు. మీ నాన్న ఎక్కాడు, ఫస్ట్ గేరు వేశాడు, అలవాటు ప్రకారం లోతుగా తొక్కి క్లచ్ వదిలాడు.

నువ్వప్పటికి పాకుతున్నావు. మీ నాయనమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని నీకు నూనె రాస్తోంది. కారు ఆ అరుగుని రాసుకుంటూ పోయి గడ్డివామిలో దూరింది. గడ్డివామి కాబట్టి సరిపోయింది. మీ నాన్న కాలు తీయలేదమ్మా. బ్రేకు తొక్కుతున్నాననే అనుకున్నాడు. ఆగట్లేదని ఇంకా బలంగా, యాక్సిలరేటర్నే తొక్కాడు. నేను వచ్చేసరికి వాడు నిన్ను భుజాన వేసుకుని బావి దగ్గర నిలబడి ఉన్నాడు, ఎవరడిగినా ఇవ్వట్లేదు. ఆ సాయంత్రం తాళాలు నా చేతిలో పెట్టాడు. మళ్ళీ అడగలేదు. ఈ సంగతి నేను చెప్పానని వాడితో అనకు, వాడంతట వాడు చెప్పిననాడు విను.

అందుకే కాలికి తగ్గట్టు పెడలుని మార్చొద్దంటున్నాను. రేపు ఆ బాక్సు ఊడినా, ఇంకొకరి కారు ఎక్కినా, నీ కాలు నేర్చుకున్నదంతా తప్పవుతుంది. రెండో సంగతి ఇంకా పెద్దది. భయపడ్డ కాలు పైకి లేవదు, దేని మీదుంటే దాన్నే తొక్కుతుంది. కాబట్టి పని లేనప్పుడల్లా కాలు బ్రేకు మీదే ఉండాలి. ఆటోమేటిక్ కదాని ఎడమ కాలుని బ్రేకుకి వాడకు, రెండు పెడళ్ళకీ కుడికాలే.

మడమ నేలకి ఆనించు, బ్రేకుకి ఎదురుగా. అక్కణ్ణుంచి వేళ్ళని కుడివైపు తిప్పితే యాక్సిలరేటర్ అందాలి. తొడతో తొక్కకూడదు, చీలమండ కదలాలి. మోటారు పెట్టిన కుట్టుమిషన్ మీద మీ అమ్మ నీకు మొదటి కుట్టు ఎలా వేయించిందో గుర్తుందా, అలాగే. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా సీటు జరుపుకో. పలచటి అట్టున్న బూట్లు వేసుకో. హీల్సూ, జారే చెప్పులూ వద్దు.

మ్యాట్ చూడు, ఇప్పుడే వెళ్ళి చూడు. అందంగా ఉందని ఒకదాని మీద ఇంకొకటి వేశావేమో! 2009లో అమెరికాలో టయోటా కంపెనీ, మ్యాట్ జరిగి పెడలుకి అడ్డుపడుతుందని దాదాపు 38 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. డ్రైవరు వైపు ఒకటే మ్యాట్, కొక్కేలకి తగిలించి ఉండాలి. ఎప్పుడైనా పెడలు ఇరుక్కుంటే బ్రేకు బలంగా తొక్కి పట్టు, వదిలి వదిలి తొక్కకు, గేరు ఎన్‌లోకి, అంటే న్యూట్రల్‌లోకి తొయ్యి. ఇంజను గోల పెడుతుంది, పెట్టనీ. బండి ఆగాక ఇంజను ఆపెయ్. ఈ ఒక్కటీ బండి ఆగి ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని చేసి చూడు, చెయ్యి దానంతటదే ఎన్‌కి వెళ్ళాలి.

నీది పాత బండి కాబట్టి సర్వీస్ సెంటర్లో థ్రాటిల్ బాడీ, అంటే ఇందాక చెప్పిన గాలి రేకు ఉండే భాగం చూపించు. మసి పేరుకుంటే రేకు ముందు అతుక్కుని, తర్వాత ఒక్కసారి తెరుచుకుంటుంది. అదీ ఒక కుదుపే. వాళ్ళే శుభ్రం చేసి, ఐడ్లింగ్, అంటే కాలు ఆనించకపోయినా ఇంజను తిరిగే వేగం, సరిగ్గా ఉండేలా సెట్ చేసి ఇస్తారు. నీ చేత్తో ఆ రేకుని కదపకు.

మీ అపార్టుమెంటు సెల్లార్ తలుచుకుంటేనే నాకు గుండె దడ. స్తంభాల మధ్య అసలు యాక్సిలరేటర్ ముట్టుకోకు. గేరు డీలో (డ్రైవ్‌లో) పెట్టి బ్రేకు మెల్లగా వదిలితే బండి పాకుతుంది, ఆ పాకుడు చాలు. ర్యాంపు ఖాళీ అయ్యాకే ఎక్కు, వెనకవాడు హారన్ కొట్టుకోనీ. మధ్యలో ఆగాల్సొస్తే హ్యాండ్‌బ్రేక్ వేసి, బండి లాగుతున్నట్టు తెలిశాకే దాన్ని వదులు. పైన గేటు దగ్గర వాచ్‌మన్ పిల్లలు ఆడుకుంటుంటారు, అక్కడికి చేరేసరికి కాలు బ్రేకు మీదుండాలి.

దసరాకి నువ్వే నడుపుకుంటూ ఊరొస్తానన్నావట. ఈ దసరాకి బస్సెక్కి రా తల్లీ. పండగ వెళ్ళాక నేనే వచ్చి పక్కన కూర్చుంటాను. ముందు కొన్ని ఆదివారాలు పొద్దున్నే వెంచర్ రోడ్ల మీద తిప్పుదాం. టెస్టు పాసయ్యాక చౌటుప్పల్ దాకా వెళ్ళి, టీ తాగి వెనక్కి వద్దాం. అది బాగా కుదిరితే తర్వాత సూర్యాపేట. విజయవాడ రోడ్డు ఎక్కడికీ పోదు.

థ్రాటిల్ బాడీ గురించి వాళ్ళేమన్నారో ఆదివారం లోపల చెప్పు. మ్యాట్ ఫోటో మాత్రం ఈ రోజే పంపు.

ఇట్లు
మీ పెదనాన్న