దారి పక్క శిలువను కడగొచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో, కార్న్‌వాల్‌లో ఉంటున్నాం. మేం కొన్న పొలం గట్టున ఛాతీ ఎత్తు పాత రాతి శిలువ ఉంది. లైకెన్ (రాతి మీద పొరలా పెరిగే నాచులాంటిది) పట్టింది, ఒక పక్కకి ఒరిగింది. కడిగి, నిలబెట్టి, అడుగున సిమెంటు పోయించవచ్చా? మన దేశంలోలాగా చుట్టూ 100 మీటర్లు ఏమీ కట్టకూడదా?

జవాబు: ముందు దాని మీద చెయ్యి వేయకండి. 9 నుంచి 15వ శతాబ్దాల మధ్య చర్చికి వెళ్లే కాలిబాటల్లో, పొలిమేరల్లో నిలిపిన గ్రానైటు శిలువలివి. ఇంగ్లండ్ మొత్తంలో 350కి పైగా తెలిశాయి, ఎక్కువ భాగం కార్న్‌వాల్‌లో, డెవన్‌లోని డార్ట్‌మూర్ బీడు ప్రాంతంలోనే. ఇంగ్లండ్‌లో చట్టరక్షణ ఉన్న కట్టడాల అధికారిక జాబితా అయిన నేషనల్ హెరిటేజ్ లిస్టులో వెతకండి. షెడ్యూల్డ్ స్మారకమైతే (చట్టం రక్షించే పురాతన కట్టడం) 1979 నాటి పురాతన స్మారకాల చట్టం వర్తిస్తుంది. అనుమతి లేకుండా మరమ్మతు చేయడం నేరం. దరఖాస్తు హిస్టారిక్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ వారసత్వ సంస్థకి పెట్టాలి, రుసుము లేదు.

లైకెన్ జోలికి పోవద్దు. దాన్ని గీకితే, ఎండావానలకు వదులైన రాతి రేణువులు దాంతోపాటే రాలిపోతాయి. గుండ్రటి తల మీద ఉబ్బుగా చెక్కిన శిలువకి లోతు తక్కువ. ఇనుప బ్రష్షు, ప్రెషర్ వాషర్ తగిలితే అంచులు పోతాయి. చెక్కడం చూడాలనుకుంటే చీకటి పడ్డాక టార్చిని రాతికి ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి వేయండి. సుద్దతో గీతలు గీయొద్దు.

ఒరగడానికి కారణం చాలాసార్లు పశువులే. ఒళ్లు రుద్దుకుంటూ చుట్టూ తొక్కేస్తాయి, మట్టి కుంగి నీళ్లు నిలుస్తాయి. పశువులు అటు రాకుండా చూడండి, కానీ కంచె గుంజ పాతాలన్నా అక్కడ ముందు అడగాలి. శిలువ నిలువు రాయి అడుగు కొన దిమ్మ రాతిలోని గుంతలో కూర్చుంటుంది. అక్కడ సిమెంటు పోస్తే నీరు బయటికి పోయే దారి ఉండదు, చలికాలం గడ్డకట్టి రాతిని చీలుస్తుంది. తర్వాత ఊడదీయడమూ కష్టమే. అందుకే సున్నం గచ్చు వాడతారు. విరిగినచోట స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు పెడతారు, మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాయిని పగలగొడుతుంది. తవ్వేముందు పురావస్తు నిపుణుడు నేలను నమోదు చేయాలి. మెటల్ డిటెక్టరు కూడా లైసెన్సు లేకుండా తిప్పకూడదు.

100 మీటర్ల నిషేధం మన చట్టంలోది. ఇంగ్లండ్‌లో రక్షణ మ్యాపులో గీసిన హద్దు వరకే. సాధారణంగా శిలువ చుట్టూ 2 మీటర్లు. ఆ బయట కట్టాలన్నా ప్లానింగ్ అనుమతిలో పరిసరాలను చూస్తారు.

ఏ బండో గుద్ది పడబోతుంటే మాత్రం ప్రమాదం తప్పడానికి కావలసినంత వరకే చేసి, వెంటనే రాతపూర్వకంగా తెలపండి. రాలిన ముక్కలన్నీ, చిన్నవైనా, దాచి ఉంచండి.