ఉద్దానం తండ్రికి జవాబు: అమ్మాయి పర్యావరణం చదువుతానంటే భయం ఎందుకు?

ప్రశ్న: మాస్టారూ, మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. రెండెకరాల కొబ్బరి, జీడి తోట ఉంది. మా అమ్మాయికి ఇంటర్ బైపీసీలో మంచి మార్కులే వచ్చాయి, నీట్‌లో మాత్రం సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లమంటే వినడం లేదు, పర్యావరణం చదువుతానంటోంది. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి ఊరికి ఏటా వచ్చే కొంగలు సైబీరియా నుంచి రావని నాతో వాదిస్తుంది, నోటు పుస్తకంలో ఏవో లెక్కలు రాసుకుంటుంది. విశాఖలోని ఒక కన్సల్టెన్సీ వారు వేరే రాష్ట్రంలో ‘సస్టైనబిలిటీ’ (పర్యావరణాన్ని కాపాడుకుంటూ అభివృద్ధి) డిగ్రీ ఉందని, ఏడాదికి మూడు లక్షలని, ఉద్యోగం గ్యారంటీ అని చెబుతున్నారు. మా నాన్నగారు కిడ్నీ జబ్బుతోనే పోయారు. ఇంట్లో ఒక డాక్టర్ ఉండాలని నా కోరిక. పిట్టల్ని లెక్కపెట్టే చదువు అన్నం పెడుతుందా? లాంగ్ టర్మ్, ఈ కొత్త డిగ్రీ, మామూలు బీఎస్సీ, మూడింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది మీ నాన్నగారి గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ మన ఉద్దానంలోని సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరుల నుంచి నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అక్కడే మొదలుపెడతారు. డయాలసిస్ కోసం బస్సెక్కిన రోజులు మళ్లీ వస్తే ఇంట్లో తెలిసిన మనిషి ఒకరుండాలని వారి ఆరాటం. ఆ ఆరాటాన్ని నేను ఎన్నడూ తేలిక చేయను.

అయితే అదే బాధకు మీ అమ్మాయి వేరే వైపు నుంచి జవాబు వెతుకుతోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం వచ్చింది. అవన్నీ అవసరమైనవే. కానీ చక్కెర జబ్బు, రక్తపోటు లేనివారి మూత్రపిండాలు కూడా అక్కడ ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఒక కారణంగా తేలలేదు. మండే ఎండలో గంటల తరబడి పని, చాలినన్ని నీళ్లు తాగకపోవడం, భూగర్భ జలంలో కరిగిన పదార్థాలు, పురుగుమందులు... అనుమానాలు అనేకం. శ్రీలంకలో వరి పండించే ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనిపించింది. అక్కడ చెరకు నరికేవారికి నీళ్లు, నీడ, విశ్రాంతి ఏర్పాటు చేసి, వారి మూత్రపిండాల పనితీరు ఎలా ఉందో కొలిచి చూశారు. అలాంటి పనికి డాక్టర్ ఒక్కరే చాలరు. వేడిని కొలిచేవారు కావాలి, నీటిని పరీక్షించేవారు కావాలి, మట్టి తెలిసినవారు కావాలి. మీ ఇంటికి వచ్చిన కష్టాన్ని మొదట్లోనే పట్టుకునే చదువు అది.

‘పిట్టల్ని లెక్కపెట్టే చదువు’ అని ఆమె ఎదుట అన్నారా? అని ఉంటే తప్పు చేశారు, కాస్త గట్టిగానే చెబుతున్నాను. కొంగల విషయంలో ఆమె మాటే నిజం. తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలు భారత ఉపఖండానికీ ఆగ్నేయాసియాకూ చెందిన పక్షులు, సైబీరియాతో వాటికి సంబంధం లేదు. వాన పడగానే మడులు, చెరువులు నిండి నత్తలు దొరుకుతాయి కాబట్టి అప్పుడే వచ్చి గూళ్లు కడతాయి. మూసినా మధ్యలో సందు కనిపించే ఆ ముక్కు నత్తను పట్టడానికి తగినట్టుగా ఉంటుంది. మడిలో మందు ఎక్కువైతే నత్త తగ్గుతుంది, నత్త తగ్గితే గూటిలోని పిల్ల పస్తుంటుంది. అవి వస్తే వానలు బాగుంటాయని నమ్మి ఊరివారు వాటిని కాపాడుకుంటున్నారు. రైతు చల్లే మందు నుంచి కొంగ పిల్ల ఆకలి దాకా ఈ లంకెను ఎవరూ చెప్పకుండానే గమనిస్తున్న పిల్లకు, ఆ నోటు పుస్తకం ఆటవస్తువు కాదండీ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ తోటలను నేలకూల్చినప్పుడు ఆమెకు పదో పదకొండో ఏళ్లు ఉంటాయి. జీడి కాపు రోజుల్లో తోటలోకి ఎలుగుబంటి వచ్చిందన్న కేకలు వింటూ పెరిగి ఉంటుంది. ఈ ప్రశ్నలు ఆమె ఎక్కడి నుంచో తెచ్చుకున్నవి కావు.

ఇక ఆ మూడు లక్షల డిగ్రీ. దీని గురించి నా సందేహాలు దాచుకోను. గత కొన్నేళ్లుగా ‘గ్రీన్ ఉద్యోగాలు’, ‘ఈఎస్‌జీ’ (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలనా బాధ్యతలు) అన్న మాటలతో ప్రకటనలు హోరెత్తుతున్నాయి. అందులో కొంత నిజముంది. మార్కెట్ విలువలో స్టాక్ మార్కెట్‌లోని మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇవ్వడాన్ని, ఆ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఆ నివేదికలు రాసేవారు కావాలి. కానీ నేను చూసినంతలో ఆ కుర్చీల్లో కూర్చునేది ఇంజినీర్లు, ఎంబీఏలు, చార్టర్డ్ అకౌంటెంట్లు. మూడేళ్ల డిగ్రీతో వెళ్లిన పిల్లలకు అంకెలు ఎక్కించే పని దక్కుతుంది. విజయనగరం నుంచి ఒక అబ్బాయి ఇలాగే ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరి, ఇంటి స్థలం అమ్మిన డబ్బుతో చదువు పూర్తి చేసి నా దగ్గరికి వచ్చాడు. మూడేళ్లలో ఒక్క చెరువులోనైనా వల వేసి చూశావా, ఒక్క మొక్కనైనా గుర్తుపట్టడం నేర్పారా అని అడిగాను. తల దించుకున్నాడు. పవర్‌పాయింట్లు మాత్రం చక్కగా చేస్తాడు. తప్పు ఆ అబ్బాయిది కాదు. ఉద్యోగం గ్యారంటీ అన్నవారిని ఏ కంపెనీ, ఏ జీతం, ఎంతమందికి అని కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.

ఇంకో చిక్కు ఉంది. డిగ్రీ పేరులో ‘పర్యావరణం’ ఉంటే చాలనుకుంటారు. భారతీయ అటవీ సర్వీసు పరీక్షకు అర్హత ఇచ్చే సబ్జెక్టుల జాబితాలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం వంటివి ఉన్నాయి, పర్యావరణ శాస్త్రం లేదు. వ్యవసాయ డిగ్రీకీ, ఇంజినీరింగుకూ అర్హత ఉంది. రేపు బీఈడీ చేసి జీవశాస్త్రం టీచర్ కావాలన్నా బాటనీ, జువాలజీలే ఆదుకుంటాయి. అందుకే డిగ్రీలో మూల శాస్త్రం, పీజీలో పర్యావరణం అని పదే పదే చెబుతాను.

కాబట్టి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు అనుకూలిస్తే నా మొదటి ఓటు మన జిల్లాలోని నైర వ్యవసాయ కళాశాలకు. మట్టి, నీరు, పురుగు, మందు అన్నీ అక్కడి పాఠాలే. రైతు కుటుంబాల పిల్లలకు కోటా కూడా ఉంది, మీ కాగితాలు సిద్ధం చేసుకోండి. అది రాకపోతే ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బాటనీ లేదా జువాలజీ ప్రధాన సబ్జెక్టుగా, వీలైతే కెమిస్ట్రీ తోడుగా. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం, లేదా పుదుచ్చేరిలో జీవావరణ శాస్త్రం, లేదా దెహ్రాదూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ. పని ఎక్కడుందంటారా, 2006 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అధ్యయనం తప్పనిసరి, అందులో జీవవైవిధ్య నిపుణుల పాత్ర ఉంటుంది. ఆ పని నిజాయతీగా జరగకపోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? థర్మల్ విద్యుత్ ప్రాజెక్టు కోసం సోంపేట బీలను (చిత్తడి నేలలను) బీడు భూమిగా చూపారన్న వివాదం, 2010లో నిరసనకారులపై పోలీసు కాల్పులు, ఆ తర్వాత ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు, ఇవన్నీ మీ పక్క మండలంలో జరిగినవే.

జీతం మొదట్లో తక్కువే ఉంటుంది. పీజీ దాకా ఐదారేళ్లు ఓపిక పట్టాలి. అది మీకు తెలిసి ఉండాలి.

లాంగ్ టర్మ్ గురించి ఎక్కువ చెప్పను. వెళ్లాలని ఉన్న పిల్లకు అది ఇంకో అవకాశం. వద్దన్న పిల్లకు ఒక ఏడాది పోతుంది, దానితో పాటు తన మీద తనకున్న నమ్మకం పోతుంది. అలా తిరిగి వచ్చిన పిల్లలతో మాట్లాడడం నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని. మీ అమ్మాయి చదువు మీద విసుగుతో వద్దనడం లేదు, ఏం కావాలో తెలిసి వద్దంటోంది. పదిహేడేళ్లకు అంత స్పష్టత ఉన్న పిల్లలు నా దగ్గరికి అరుదుగా వస్తారు. ఆమె గురించి నాకు బెంగ లేదు, మీరూ పెట్టుకోకండి.

కన్సల్టెన్సీకి సీటు అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే కట్టవద్దు. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున ఫోను ఆమె చేతిలోనే ఉండనివ్వండి. మీరు పక్కన కూర్చుని, అడిగిన కాగితాలు అందించండి.